ఇల్లే లేనివారికి ‘ఇంట్లోనే ఉండండి’: విపత్తులు, సమానత్వ చట్టం – అపోహలు, వాస్తవాలు

వరదకు కులం లేదు, వైరస్‌కు మతం లేదు అన్న మాట ప్రతి విపత్తులోనూ వింటాం. ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి అది మంచి మాటే. నిజమని నమ్మితే మాత్రం చేయాల్సిన పనులు ఆగిపోతాయి. 2020 మార్చి 24 రాత్రి ప్రకటించిన లాక్‌డౌన్ నాలుగు గంటల్లో అమల్లోకి వచ్చింది. ఆ ఆదేశంలో వివక్ష చూపే మాట వెతికినా దొరకదు. కానీ పని జరిగే చోటే రేకుల షెడ్డులో పడుకునే భవన నిర్మాణ కూలీకి కూలి, కూడు, నీడ మూడూ ఒక్కరోజే పోయాయి. హైదరాబాద్ శివార్లలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు కదిలింది మే 1న, అంటే ఐదు వారాలు దాటాక. ఆలోగా లక్షల మంది జాతీయ రహదారులు పట్టుకుని నడిచారు. విపత్తు అందరిదే. అందులో ఎవరి వాటా ఎంతో తేల్చింది మాత్రం అంతకుముందు నుంచీ ఉన్న ఎక్కువ తక్కువలూ, వాటిని లెక్కలోకి తీసుకోని ఉత్తర్వులూ.

ఇంతకంటే లోతుగా నాటుకున్న అపోహ మరొకటుంది: ఆపద వేళ హక్కులు పక్కకు తప్పుకోవాలని. దీనికి మన చరిత్రలోనే ఒక మూలం ఉంది. ఎమర్జెన్సీలో, 1975 జూన్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. 1976లో సుప్రీంకోర్టు కూడా దానికి తలవంచింది. అయితే 1978 నాటి 44వ సవరణ తర్వాత, ఎమర్జెన్సీలో సైతం 20, 21 అధికరణాలను ఆపడానికి వీల్లేదు. సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణానికి ఆ రక్షణ లేదన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ కోవిడ్ కాలంలో దేశంలో రాజ్యాంగపరమైన ఎమర్జెన్సీ ప్రకటించనే లేదు. పాలన సాగింది మామూలు చట్టాల కింద. ఈ తేడా ఎంత విలువైనదో గుజరాత్ కేసులో తేలింది. కర్మాగారాల్లో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చనీ, అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వక్కర్లేదనీ ఆ రాష్ట్రం 2020 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. మహమ్మారిని ‘పబ్లిక్ ఎమర్జెన్సీ’గా చూపింది. యుద్ధం, దురాక్రమణ, అంతర్గత కల్లోలం వల్ల దేశ భద్రతకు ముప్పు వచ్చినప్పుడే ఫ్యాక్టరీల చట్టం ఆ వెసులుబాటు ఇస్తుందనీ, ఆర్థిక మందగమనం ఆ కోవలోకి రాదనీ అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. కార్మికులకు ఓవర్‌టైమ్ బకాయిలు చెల్లించమంది. గడ్డుకాలంలో పరిశ్రమ నిలబడాలి కదా అని అడగొచ్చు. నిలబడాలి. ఆ బరువంతా కార్మికుడి నెత్తినే పెట్టడం ఏ న్యాయం?

అందరికీ ఒకే నిబంధన పెడితే అదే సమానత్వం అన్నది చదువుకున్నవారు సైతం నమ్మే మాట. 2021 వేసవిలో 18–44 ఏళ్ల వారు టీకా కోసం కోవిన్ పోర్టల్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలన్నారు. నిబంధన ఒకటే, స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్టు ఉన్నవారికి అది ద్వారం, లేనివారికి గోడ. సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో ఈ డిజిటల్ అంతరాన్ని ఎత్తిచూపింది. ఆ వయసువారికి అందరితోపాటు ఉచితంగా ఇవ్వని టీకా విధానం పైకి చూస్తేనే నిర్హేతుకంగా ఉందంది. వారం తిరిగేసరికి కేంద్రం విధానం మార్పును ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో, సైన్యంలోని మహిళా అధికారుల కేసులో, ఇదే కోర్టు పరోక్ష వివక్ష అనే భావనను స్పష్టంగా గుర్తించింది. నిబంధన రాసినవారి ఉద్దేశం కంటే దాని ఫలితం ఎవరిమీద ఎలా పడుతోందన్నదే అక్కడ ప్రశ్న. ఇల్లు తగలబడుతుంటే ఇవన్నీ చూసే తీరిక ఎక్కడుంటుందన్న అభ్యంతరంలో కొంత నిజముంది. అందుకే ఆ పని ముందే చేసి పెట్టుకోవాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 8వ సెక్షన్ చెప్పేది అదే: విపత్తు ప్రణాళికల్లో వికలాంగుల రక్షణ ముందే ఉండాలి. చెవులు వినపడనివారికి మైకు హెచ్చరిక చాలదని తుపాను వచ్చే రాత్రి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

చట్టం ఉంది గనక వివక్షకు తావు లేదనుకోవడం కూడా పొరపాటే. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలోని సహాయ శిబిరాల్లో దళితులను దూరం పెట్టిన ఉదంతాలు నమోదయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ సెక్షన్ లింగం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష కూడదంది. మంచిదే. కానీ అది పరిహారం, సహాయం పంచేటప్పటి మాట. లాక్‌డౌన్ ఉత్తర్వు రాసే చేతిని అది పట్టుకోదు. వైకల్యం, పేదరికం, వలస ఆ జాబితాలో లేవు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు నిర్ణయం తీసుకునేటప్పుడే దాని ప్రభావం స్త్రీలపై, వికలాంగులపై, జాతి మైనారిటీలపై ఎలా ఉంటుందో ఆలోచించి తీరాలి. పేదరికం ఆ జాబితాలోనూ లేదు. అయినా ప్రశ్న అడగాల్సిన సమయాన్ని ఆ చట్టం సరిగ్గా పట్టుకుంది: ఉత్తర్వు మీద సంతకం పడకముందు.

మన దగ్గర ఆ ప్రశ్న కోర్టుల్లో వినిపించింది, అదీ ఆలస్యంగా. రహదారుల వెంట నడిచే కూలీలకు తిండి, నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020 మే నెలలో ఆదేశించింది. వారి నుంచి రైలు, బస్సు చార్జీలు వసూలు చేయొద్దని సుప్రీంకోర్టు మే 28న చెప్పింది. కానీ వాళ్లెవరో, ఎందరో ఏ కార్యాలయంలోనూ పూర్తి లెక్క లేదు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీల పేర్లు రిజిస్టరులో రాయాలన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 నుంచీ అప్పటికి ఉండేది. సొంతంగా రైలెక్కి వచ్చినవారు దాని పరిధిలోకే వచ్చేవారు కాదు. ఎంతమంది వలస కూలీలు దారిలో చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, సమాచారం లేదన్నది కేంద్రం జవాబు. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టు 26న మొదలైంది. అప్పటికి రెండో వేవ్ కూడా వచ్చి వెళ్లింది.