పాలు పొంగనివ్వని గిన్నె

పాలు పొంగడం మనకు శుభం. గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించనిదే ఇంట్లో కాలు పెట్టము. కాని రోజూ పొద్దున గిన్నె అంచు దాటి స్టవ్ మీద కారిపోయే పాలలో ఏ శుభమూ లేదు. చీకటితో లేచి, గేదె కింద కూర్చుని పితుకుకొన్న పాలు అవి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సభ్యురాళ్లకు ఈ బాధ మేము చెప్పనక్కరలేదు. సంఘంలో పాలు పోసి, వెన్నశాతం రాయించుకొని ఇల్లు చేరేసరికి రొట్టెల పని, పిల్లల బడి, దూడకు మేత, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ వేళలో పాలకు కాపలా కాయడమంటే చేతులు ఖాళీగా పెట్టుకొని నిలబడడమే. తల తిప్పితే మాత్రం పొంగు!

పాలు ఎందుకు పొంగుతాయి? వేడెక్కేకొద్దీ పాలలోని మాంసకృత్తులు, వెన్న పైకి చేరి పలుచని పొర కడతాయి. కింద పుట్టిన ఆవిరి బుడగలు ఆ పొరను ఛేదించలేక దానినే పైకి ఎత్తుతాయి. నీటికి ఈ పొర లేదు కనుక మరుగుతుందే గాని అలా పొంగదు. గిన్నెపై అడ్డంగా గరిటె పెడితే బుడగలు కొంత పగులుతాయి. మంట పెద్దదైతే ఆ గరిటె కూడా ఆపలేదు.

మిల్క్ కుక్కర్ ఈ చిక్కును తేలికగా విప్పింది. ఇది రెండు గోడల గిన్నె. గోడల మధ్య నీరు పోసి, ఆ రంధ్రానికి ఈల బిగిస్తారు. మంట నీటిని కాస్తుంది, నీరు పాలను కాస్తుంది. నీరు సుమారు 100 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, అంతకు మించి వేడెక్కదు. పాలు మరగడానికి అంతకంటే కొంచెం ఎక్కువ వేడి కావాలి. అందుచేత పాలు పొంగవు, అడుగంటవు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఈల మోగిందంటే నీరు మరిగిందని అర్థం, పాలు కాగాయని కాదు. డెయిరీలో పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచి సురక్షితం చేస్తారు. మన వంటింట్లో థర్మామీటరు ఉండదు కనుక ఈల వచ్చాక మంట తగ్గించి మరో ఐదారు నిమిషాలు ఉంచడం మేలు. మామూలు గిన్నెకంటే ఆలస్యమవుతుంది, నిజమే. అయితే ఆ సమయంలో మీరు రొట్టెలు తట్టుకోవచ్చు. కోవాకు మాత్రం ఈ గిన్నె పనికిరాదు. దానికి పాలు బాగా మరిగి ఇగరాలి.

నీరు పోయకుండా దీనిని పొయ్యి మీద పెట్టరాదు. మా ఇంట్లోనే ఒకసారి ఆ పొరపాటు జరిగింది. నీరే లేనప్పుడు ఈల ఎక్కడిది? అడుగు నల్లబడి, లోపలి అతుకు వదిలింది. ఆ తరువాత నీళ్లు పాలలోకి దిగసాగాయి. సంఘంలో లాక్టోమీటరు పెట్టి పట్టుకొనే కల్తీ మా వంటింట్లోనే జరిగిందన్నమాట! బోరునీటిలో సున్నం ఉంటే గోడల మధ్య పొర కడుతుంది. అప్పుడప్పుడు నిమ్మరసం కలిపిన నీరు పోసి మరిగించి పారబోస్తే అది వదులుతుంది.

ప్రెషర్ కుక్కర్ ఈల సంగతి వేరు. 1679లో డెనిస్ పాపెన్ చూపిన సూత్రమిది. ఆవిరిని బంధిస్తే ఒత్తిడి పెరిగి నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. నురుగు ఆవిరి రంధ్రాన్ని మూయవచ్చు కనుక పప్పు సగానికి మించి వేయరాదు. పాలను అందులో కాచవద్దు.

వెన్న తీయడానికి మిక్సీ వాడేవారికి ఒక మాట. వేడికి వెన్న మెత్తబడి ముద్ద కట్టదు. మన పెద్దలు తెల్లవారుజామున, చల్లని వేళ కవ్వం పట్టింది అందుకే. మన ఎండాకాలంలో మిక్సీ బ్లేడు వేడి కూడా తోడవుతుంది. చల్లని నీరు పోసి, ఆపి ఆపి తిప్పండి.

మిల్క్ కుక్కర్ కొనేటప్పుడు ఈల, దాని రబ్బరు బిళ్ల విడిగా దొరుకుతాయా అని దుకాణంలో ముందే అడగండి. మొదట పాడయ్యేవి అవే.