సామ్రాజ్యముల పాఠము

చరిత్రపాఠ మనగానే విద్యార్థులలో పెక్కుమందికి రెండు పట్టికలు జ్ఞప్తికి వచ్చును. ఒకటి రాజుల పేర్లది, రెండవది సంవత్సరములది. పరీక్షకు ముందురాత్రి ఆ రెంటిని వల్లించుటయు, పరీక్ష ముగిసిన మఱునాడు మఱచుటయు వాడుక యైపోయినది. ఇందు పిల్లల తప్పుకంటె బోధించు మా తప్పే యెక్కువ యని యొప్పుకొనుటకు మేము సంకోచింపము. ప్రాచీన మధ్యయుగముల సామ్రాజ్యములను బోధించుచు మేము నేర్చుకొన్న సంగతులు కొన్నింటిని ఈ సంచికయందు తల్లిదండ్రులకును, విద్యార్థులకును విన్నవించుకొనుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము మౌర్యసామ్రాజ్యమును గుఱించి చెప్పుచుంటిమి. క్రీ. పూ. 261 ప్రాంతమున జరిగిన కళింగయుద్ధములో 1,00,000 మంది హతులైరనియు, 1,50,000 మంది చెఱపట్టబడి కొనిపోబడిరనియు నల్లబల్లపై వ్రాసి, అశోకుడు పశ్చాత్తాపమునొంది ధర్మమార్గము నవలంబించెనని పాఠము ముగించితిమి. అంతట వెనుకబల్లపై కూర్చున్న యొక బాలిక లేచి, "మేష్టరుగారూ, చెఱపట్టబడిన ఆ లక్షన్నరమంది మరల ఇండ్లకు వచ్చిరా?" అని యడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఇంతలో గంట మ్రోగెను. పిల్లలు వెడలిపోయిరి. ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు.

ప్రత్యుత్తరమును వెదకుచు మేము పాఠ్యపుస్తకమును విడిచి శాసనముల యొద్దకు పోవలసివచ్చెను. ఆ లెక్కలు మనకు తెలిసినది అశోకుని 13వ శిలాశాసనమువలననే. ఆ శాసనము మనకు దూరమైనది కాదు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడికడ బండలపై అశోకుని పదునాలుగు శిలాశాసనములును చెక్కబడియున్నవి. అందు రాజు తన దుఃఖమును దాచక తెలుపుకొనెను. అయినను చెఱపట్టబడినవారిని విడిచిపుచ్చినట్లు గాని, కళింగమును తిరిగి యిచ్చివేసినట్లు గాని అందెక్కడను లేదు. పైగా అడవిజాతులవారికి, తాను పశ్చాత్తప్తుడైనను శిక్షింపగల శక్తి తనకు గలదని యొక హెచ్చరికయు నున్నది.

ఇంతకంటె వింతయగు సంగతి మఱియొకటి గలదు. కళింగదేశమునందలి ధౌలి, జౌగడ అను చోట్ల అశోకుని శాసనములున్నవి గాని, యుద్ధమును వర్ణించు 13వ శాసనము మాత్రము అచ్చట చెక్కబడలేదు. దానికి బదులుగా, ప్రజలను నిష్కారణముగ బంధింపరాదనియు, బాధింపరాదనియు అధికారులను శాసించు వేఱు శాసనములున్నవి. గాయపడినవారి యెదుట ఆ గాయమును వర్ణించుటకు రాజు ఇష్టపడలేదని చరిత్రకారులు తలంచుచున్నారు. మఱుసటి సంవత్సరము ఈ సంగతి తరగతిలో చెప్పి, "ఏల చెక్కింపలేదు?" అని మేమే ప్రశ్నించితిమి. సిగ్గుచేత నని కొందఱు, భయముచేత నని కొందఱు, దయచేత నని కొందఱు వాదించిరి. ఆనాడు గంట మ్రోగినను లేచినవారు లేరు.

నాటినుండి ఏ సామ్రాజ్యమును గుఱించి చెప్పినను నాలుగు ప్రశ్నలను ముందుంచుకొనుచున్నాము. అది దేనివలన పెరిగెను? దేనివలన నిలిచెను? దాని వెల నెవరు చెల్లించిరి? ఈ సంగతులు మనకెట్లు తెలిసినవి? వీనిలో కడపటిది తక్కిన మూటికిని పునాది.

సామ్రాజ్యము కత్తివలన పెరుగవచ్చును గాని కత్తివలననే నిలువజాలదు. దీనికి కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనము మంచి నిదర్శనము. పూర్వపు రాజులు తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మొదలగు వానిని బలాత్కారముగ గైకొనుచుండిరనియు, తాము మాత్రము ప్రాణములకు తెగించి సముద్రయానము చేయువారియొద్ద నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గ్రహింపమనియు ఆ రాజు అందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. మూడువందల మాడల సరకునకు సుంకమెంత యని లెక్కవేయింపగా, పది యని తరగతియంతయు నొక్కమాఱుగ పలికెను. "సరకంతయు దోచుకొన్నచో మూడువందలును దక్కును గదా, రాజేల పదితో తృప్తిపడెను?" అని యడుగగా, ఎన్నడును నోరు మెదపని యొక బాలుడు, "దోచుకొన్నచో ఆ ఓడ మరల రాదు" అనెను. రాజ్యతంత్రమును గుఱించి మేము గంటసేపు చెప్పదలచినదానిని అతడు ఒక్క వాక్యమున చెప్పివేసెను.

ఇక సాక్ష్యముల మాట. మార్కోపోలో అను వెనీసు యాత్రికుడు ముత్ఫిలి యని పేర్కొన్నది ఈ మోటుపల్లి సీమనే. భర్త మరణించిన పిదప రాణి నలువది సంవత్సరములుగా న్యాయముగ నేలుచున్నదని అతడు వ్రాసెను. ఆమె రుద్రమదేవి. కాని శాసనములనుబట్టి ఆమె గణపతిదేవుని భార్య కాదు, కూతురు. 1262 మొదలు 1289 వఱకు పాలించెను. ఆమె మరణమును తెలుపు చందుపట్ల శాసనము 1289 నాటిది. యాత్రికుడు రాణి పాలనను మెచ్చుకొనుటలో పొరబడలేదు, బంధుత్వమునందును సంవత్సరములందును పొరబడెను. మంచి సాక్షియు కొంత తప్పు చెప్పవచ్చును, తప్పు చెప్పినంతమాత్రమున సాక్ష్యమంతయు త్రోసివేయరాదు. ఈ వివేకము చరిత్రకే గాక, వీథిలో విన్న పుకారునకును, ఇరుగుపొరుగుల తగవునకును పనికివచ్చును.

సామ్రాజ్యముల పతనమును చెప్పునప్పుడు మఱింత జాగ్రత్త వలయును. 1565 జనవరి 23వ తేదీన జరిగిన తళ్లికోట యుద్ధముతో విజయనగరసామ్రాజ్యము అంతరించెనని పిల్లలు వ్రాయుచుందురు. నగరము పాడైనమాట నిజమే. కాని అరవీటి వంశమువారు పెనుగొండ, చంద్రగిరి, వేలూరుల నుండి అటుపిమ్మటను పాలించిరి. రోముసామ్రాజ్యమును ఇట్టిదే. పశ్చిమభాగము 476లో పడిపోయినను, తూర్పుభాగము కాన్‌స్టాంటినోపిల్ రాజధానిగా 1453 వఱకు నిలిచెను. మహావృక్షము ఒక్క గొడ్డలివేటునకు కూలదు.

ఆ యుద్ధమును రెండు మతముల పోరుగా వర్ణించుటయు సులభమే. కాని గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా రాజ్యమునకు రాకముందు ఏడేండ్లు విజయనగరమున రామరాయల శరణుజొచ్చి యుండెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని కొనియాడిరి. అట్టి ఆయనయే 1565లో రామరాయలపై పోరాడెను. ఈ సంగతి చెప్పనిచో పాఠము సగమే యగును. మా తరగతిలో వేర్వేఱు మతములవారును, కులములవారును ఒకే బల్లపై కూర్చుందురు. చరిత్రను కొందఱి గర్వముగను కొందఱి అవమానముగను చెప్పినచో, ఆ బల్లపై రెండవవాడు తల వంచుకొనును. మా చేతిలోని సుద్దముక్క అంతపని చేయగలదని తెలిసికొనుటకు మాకు చాలకాలము పట్టినది.

తల్లిదండ్రులకు మాదొక మనవి. మీ గ్రామములోని ప్రాతగుడి స్తంభముపై గాని, చెఱువుగట్టుపై గాని అక్షరములు చెక్కిన రాయి యున్నచో, పిల్లలను చేయిపట్టుకొని దానియొద్దకు తీసికొనిపొండు. దానిపై సున్నము పూయనీయకుడు. చదువలేకపోయినను వారు దానిని చూతురుగాక. పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినవని యడుగుటతోపాటు, నేడు తరగతిలో ఏ ప్రశ్న అడిగితివని కూడ అడుగుడు.

ఆ బాలిక ప్రశ్నకు ప్రత్యుత్తరము నేటికిని మావద్ద లేదు. ఆ లక్షన్నరమంది తిరిగివచ్చిరని ఏ రాయియు చెప్పలేదు. అయినను ప్రతి సంవత్సరమును ఆ పాఠము వచ్చినప్పుడు ఆ ప్రశ్నను నల్లబల్లపై వ్రాయుచున్నాము. రాజు శాసనమునందు ఒక సంఖ్యగా మాత్రమే మిగిలినవారిని మనుష్యులుగా తలంచినది ఆనాడు మా తరగతిలో ఆ బాలిక యొక్కతెయే.