సముద్రం వైపు నుంచి చూడాల్సిన ఊరు

రియో డి జనీరో నుంచి పరాతీకి బస్సులున్నాయి. అయినా ఈ ఊరికి తెరచాప పడవలో వెళ్లడమే న్యాయం. బ్రెజిల్ తీరంలోని ఈ పాత రేవు పట్నాన్ని సముద్రం వైపు ముఖం పెట్టి కట్టారు. బస్సు దిగినవాళ్లు పెరటి దారిన ఇంట్లోకి వచ్చినట్టే.

ఇల్యా గ్రాండి అనే పెద్ద దీవి అడ్డంగా ఉండటంతో అట్లాంటిక్ అలల జోరు అఖాతంలోకి అంతగా రాదు. గాలి కూడా తరచూ పడిపోతుంది. అప్పుడు చాప దించి ఇంజిన్ వేసుకోవాల్సిందే. ఎదురుగా దట్టమైన అడవి కప్పిన కొండలు, వాటి కింద తెల్లని గోడల వరస, నీటి ఒడ్డునే 1722 నాటి శాంతా రీటా చర్చి. ఊరి ముందు లోతు తక్కువ. అందుకే పెద్ద పడవలు దూరంగానే లంగరు వేస్తాయి. అక్కణ్ణుంచి చిన్న పడవలో రేవు చేరాలి.

మీనాస్ జెరాయిస్ గనుల బంగారం ఒకప్పుడు కంచరగాడిదల మీద కొండలు దిగి ఇక్కడికే వచ్చేది. ఇక్కణ్ణుంచి ఓడల్లో రియోకి, అటునుంచి లిస్బన్‌కి. ఓడదొంగల బెడద ఎక్కువైంది. దాంతో 18వ శతాబ్దం మొదట్లో గనుల నుంచి నేరుగా రియోకి కొత్త బాట పడింది. ఆ తర్వాత కాఫీ ఎగుమతి ఆదుకుంది కానీ, 1870లలో రైలు వచ్చి దాన్నీ పట్టుకుపోయింది. 1970లలో కోస్తా రహదారి పడేదాకా పరాతీని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఊళ్లో లేదు. ఆ పేదరికమే ఊరిని కాపాడింది. 2019లో పరాతీ, ఇల్యా గ్రాండి కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. సంస్కృతికీ ప్రకృతికీ కలిపి బ్రెజిల్‌కు దక్కిన మొదటి గుర్తింపు అదే.

పాత ఊళ్లోకి కార్లు రావు, వీధి మొదట్లో గొలుసులు కట్టేశారు. వీధులు గుండ్రాళ్లు, బండరాళ్లు పరిచినవి. నడిమి పల్లంగా, అంచులు ఎత్తుగా ఉంటాయి. పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు ఆ పల్లంలోకి నిండి, పాటుకి వెనక్కి తీస్తుంది. తెల్ల గోడలు, నీలం తలుపులు ఆ నీళ్లలో కనిపిస్తుంటే ఫొటోలు తీయనివాళ్లుండరు. కానీ బంగారు బాటకు రాళ్లు పరిచింది బానిసలు. చర్చిలూ రంగును బట్టే కట్టారు. శాంతా రీటా స్వేచ్ఛ పొందిన మిశ్రమ జాతి వాళ్లది, రొసారియో నల్లజాతి బానిసలది, దోరిస్ తెల్లజాతి సంపన్న స్త్రీలది. బంగారం కథతో పాటు ఈ కథ కూడా చెప్పే గైడునే ఎంచుకోవాలి.

చెరకు సారా కషాసాకూ ఈ ఊరు ప్రసిద్ధి. ఒకప్పుడు ఆ సారాను ఊరి పేరుతోనే పిలిచేవారు. 1984లో నమీబియా నుంచి బ్రెజిల్‌కు ఒంటరిగా తెడ్లు వేసుకుంటూ అట్లాంటిక్ దాటిన అమీర్ క్లింక్ కూడా తర్వాత తన తెరచాప పడవకు ‘పరాతీ’ అనే పేరు పెట్టుకున్నాడు.

డిసెంబరు నుంచి మార్చి దాకా వానలెక్కువ. జూన్, జులై, ఆగస్టు మేలు. పున్నమికో అమావాస్యకో చేరేలా చూసుకుంటే వీధుల్లోకి నీళ్లు రావడం చూడొచ్చు. బూట్లు మాత్రం పడవలోనే వదిలేసి వెళ్లండి.