పడమటి తీరపు ఫోను సంకేతములు

గత వేసవిలో మా విద్యార్థి తల్లి యొకామె కాగితపు ముక్క తెచ్చి, "అయ్యవారూ, అమెరికాలోని మా పెద్దవానికి దినమును సాయంకాలము ఏడు గంటలకు ఫోను చేయుచున్నాను. ఎత్తుట లేదు. నంబరు మొదట 206 ఉన్నది గనుక అచట అప్పుడు తెల్లవారుజామే యని చెప్పిరి. నిజమేనా?" అని యడిగెను. రెండు వారములుగా ఆమెకు నిద్ర లేదట.

206 సియాటిల్ నగరపు సంకేతము. పసిఫిక్ తీరమందలి వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రములును, లోపలి నెవాడాయును, కొద్ది భాగములు తప్ప, ఒకే కాలమును పాటించును. అది మన గడియారమునకు వేసవిలో 12½ గంటలు, చలికాలమున 13½ గంటలు వెనుక. ఆ లెక్కకు ఇచట సాయంకాలము 7 అయినపుడు వేసవిలో అచట ఉదయము 6-30.

ఈ సంకేతములు 1947లో ఏర్పడినవి. అమెరికా, కెనడాలను 86 ప్రాంతములుగా విభజించి ఒక్కొక్కదానికి మూడంకె లొసగిరి. వాషింగ్టనుకు 206, ఒరెగానుకు 503, నెవాడాకు 702. జనబాహుళ్యముగల కాలిఫోర్నియాకు 213, 415, 916 అని మూడు. ఆ అంకెలే యేల? అవి చక్రపు ఫోనుల దినములు. (విద్యార్థులు చూచియుండరు, తాతగారి నడుగుడు.) వేలితో త్రిప్పి విడిచినచో చక్రము మరలుచు 1కి ఒక స్పందనము, 9కి తొమ్మిది, సున్నకు పది పంపును. లాస్ ఏంజెలెస్‌వారి 213కు ఆరు స్పందనములు చాలును. నెవాడా 702కు పందొమ్మిది! పెద్ద నగరమునకు త్వరగా తిరుగు అంకె లిచ్చిరన్నమాట. మనకు చెన్నై 044, హోసూరు 04344 కదా. ఇచట పెద్ద నగరమునకు సంకేతము పొట్టిది, అచట వేగమైనది. రాష్ట్రమంతటికి ఒకే సంకేతమైనచో నడిమి యంకె సున్న, పెక్కులైనచో ఒకటి.

1951 నవంబరు 10న న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ నగరాధ్యక్షుడు ఆపరేటరు సాయము లేకయే పది యంకెలు త్రిప్పి, కాలిఫోర్నియాలోని అలమీడా నగరాధ్యక్షునితో మాటాడెను. మన దేశమున ఇట్టి సౌకర్యము 1960లో లక్నో, కాన్పూరుల నడుమ మొదలైనది.

పిమ్మట ఫోనులు పెరిగి సంకేతములు చీలినవి. మన తెలుగువారు పెక్కురు నివసించు శాన్ హోసే 1959లో 415 నుండి విడివడి 408 పొందెను. నడిమి యంకెగా 0, 1 మాత్రమే చాలక, 1995లో వాషింగ్టన్ రాష్ట్రమున 360 పుట్టినది. 2006లో లాస్ ఏంజెలెస్ ప్రాంతమున 310 ఉన్న నేలమీదనే 424ను కూడ ఇచ్చిరి. ఇరుగుపొరుగువారికి వేరువేరు సంకేతములు!

అయినను సంకేతము గడియారము కాదు. ఐడహో రాష్ట్రపు 208 ఒక్కటే రెండు కాలమండలములలో నున్నది. అంతకంటె ముఖ్యము, సెల్‌ఫోను నంబరు మనిషితో ఊరూరు తిరుగును. అందుచే, "నంబరు నటుంచి, అబ్బాయి ఇప్పుడే యూర నున్నాడమ్మా?" యని యడిగితిని.

"ఏదో న్యూజెర్సీ యట. ఊరు మారితి ననెను గాని నంబరు మారలేదు గదా!"

న్యూజెర్సీ తూర్పు తీరమున నున్నది. సియాటిల్ కంటె మూడు గంటలు ముందు. ఆమె పిలుచువేళకు అచట ఉదయము 9-30, కుమారుడు పనిలో నుండు సమయము. మరునాడు ఆమె సాయంకాలము 4-30కే ఫోను చేసినది. అబ్బాయి యెత్తినాడట.