హానికర జంతువు అనే ముద్ర

ఏది హానికర జంతువో జీవశాస్త్రం చెప్పదు, ప్రభుత్వ నోటిఫికేషన్ చెబుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 62వ సెక్షన్ ఈ అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఫలానా ప్రాంతంలో, ఫలానా గడువు దాకా ఒక జంతువును ‘వర్మిన్’గా ప్రకటిస్తే ఆ మేరకు దానికి చట్టం కాపుదల ఉండదు, చంపినా కేసు లేదు. కాకి, ఎలుక, చిట్టెలుక, పండ్లు తినే గబ్బిలం మాత్రం ఏ నోటిఫికేషనూ లేకుండానే ఆ చట్టంలో వర్మిన్ జాబితా అయిన ఐదో షెడ్యూలులో చాలాకాలం ఉండిపోయాయి. అడవిలో ఇప్పగింజలు చల్లిపెట్టే గబ్బిలాన్ని ఎలుకతో జతకట్టిన ఆ షెడ్యూలు 2022 సవరణతో పోయింది. 62వ సెక్షన్ మిగిలింది.

బ్రిటిషు పాలనలో ఈ ముద్ర పులి మీద, చిరుత మీద, తోడేలు మీద ఉండేది. చంపి ఆనవాలు తెచ్చి చూపిస్తే సర్కారు బహుమానం ఇచ్చేది. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, 2 లక్షల తోడేళ్లు ఇలా చచ్చాయి. రేచుకుక్క సంగతి మరీ విచిత్రం. అది మనుషుల జోలికి దాదాపుగా రాదు. కానీ మందగా తరిమి, ఇంకా ప్రాణం ఉండగానే పీక్కుతింటుంది కనుక వేటగాళ్ల దృష్టిలో నీచ జంతువైంది. తాము కొట్టదలచిన దుప్పులను అది ముందే తినేస్తోందన్న కడుపుమంట దీనికి తోడు. క్రూరత్వం అన్న మాట మరోలా బతకగలిగిన వాళ్లకు వర్తిస్తుంది, రేచుకుక్కకు గడ్డి మేసే వీలు లేదు. అయినా 1972 చట్టం వచ్చేదాకా దాని తలకు వెల పలికింది. ప్రపంచం మొత్తంలో పిల్లలు కనే ఈడు రేచుకుక్కలు ఇప్పుడు రెండు వేల చిల్లరకు మించవని అంచనా.

ఈ కాలంలో ముద్ర పడుతున్నది ఎక్కువగా పంట మేసే జంతువుల మీద. 2015 డిసెంబరులో బిహార్‌లో మనుబోతు, అంటే నీల్‌గాయ్, దాంతోపాటు అడవిపంది, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపంది, హిమాచల్ ప్రదేశ్‌లో కోతి ఈ జాబితాకు ఎక్కాయి. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతులను కాల్చారు. తుపాకులు పట్టినవాళ్లు హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. దీన్ని తప్పుపట్టిన అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ, సమర్థించిన అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ బాహాటంగానే తలపడ్డారు. ఒకే మంత్రివర్గంలో రెండు నీతులు.

రెండింటికీ ఆధారం ఉంది. వేరుశనగ చేలో ఒక్క రాత్రి పందుల మంద దిగితే అది తిన్నదానికంటే తవ్విపోసింది ఎక్కువ. మొక్కజొన్న రైతు కంకి పాలుపోసుకున్న నాటి నుంచి మంచె మీదే పడుకోవాలి. వన్యప్రాణిని కాపాడాలని పట్నంలో కోరేవాళ్లు ఎందరున్నా, దాని మేతఖర్చు మాత్రం అడవి అంచు రైతు ఒక్కడి మీదే పడుతోంది. పంట కాపాడుకునే హక్కు అతనికి లేదనడం అన్యాయం. అయితే చంపడం వల్ల పంట దక్కుతుందా అన్నది ముందు తేలాలి. దక్కనప్పుడు ఆ చావులకు సమర్థన మిగలదు.

ఆడపంది దాదాపు నాలుగు నెలలకు ఈనుతుంది, ఒక్కో ఈతలో నాలుగైదు పిల్లలు మామూలు. మందలో కొన్ని పోతే మిగిలినవాటికి మేత పెరుగుతుంది, ఎక్కువ పిల్లలు బతుకుతాయి. అమెరికాలో కయోటీ అనే నక్కలాంటి జంతువుది ఇదే కథ. వందేళ్లకు పైగా తుపాకి, బోను, విషం అన్నీ ప్రయోగించారు. ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైన కయోటీ ఇప్పుడు న్యూయార్క్ నగరంలోనూ తిరుగుతోంది. గుంపులో పిల్లలు కనే జంట చస్తే అంతవరకూ అణిగి ఉన్నవి ఈనడం మొదలుపెడతాయి. కయోటీని అదుపులో ఉంచే తోడేళ్లను మనుషులే అంతకుముందు ఊడ్చేశారు. మన దగ్గర పందిని అదుపు చేసేవి పులి, చిరుత, రేచుకుక్క. బహుమానాల జాబితా మళ్లీ గుర్తుకొస్తుంది.

చంపడం ఎక్కడా పనిచేయదని దీని అర్థం కాదు. దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవిలో సముద్రపక్షుల గుడ్లు, పిల్లలు తినే ఎలుకలను విషపు ఎరలతో పూర్తిగా తుడిచేశారు. 2018లో దీవికి ఎలుకల పీడ విరగడైందని ప్రకటించారు. అది చుట్టూ సముద్రమున్న దీవి, బయటి నుంచి కొత్తవి నడిచిరావు. తెలుగు నేల మీద ఏ చేనుకూ ఆ సౌకర్యం లేదు.

మనిషిని చంపిన జంతువు విషయం వేరు. అక్కడ తప్పు జాతిది కాదు, ఒక్క జంతువుది. అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం గట్టి కాపుదల ఉన్న మొదటి షెడ్యూలు జంతువునైనా చంపించవచ్చు, కానీ పట్టడం, మత్తిచ్చి తరలించడం కుదరదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందు తేల్చుకోవాలి. 2018 నవంబరులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని చీకటిపడ్డాక కాల్చి చంపారు. పదమూడు మంది చావులు దాని ఖాతాలో వేశారు. దానికి ఏడాది నిండని రెండు పిల్లలున్నాయి. చంపాలా వద్దా అన్నదాని కంటే, మత్తు ప్రయత్నం నిజంగా జరిగిందా, ఆ రాత్రి పశువైద్యుడు ఎందుకు లేడు అన్నవే గట్టి ప్రశ్నలయ్యాయి.

పద్ధతిని పట్టించుకోకపోతే ముద్ర లేని జంతువులూ పోతాయి. పందుల కోసం చేను చుట్టూ లాగిన కరెంటు తీగకు పులులూ పశువులూ బలయ్యాయి, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతులూ బలయ్యారు. 2020లో కేరళలో పేలుడు పదార్థం కూర్చిన కాయ కొరికి చూలి ఏనుగు చనిపోయింది. అలాంటి ఎరలు పెట్టేది సాధారణంగా పందుల కోసమే. ఉచ్చుకు కళ్లుండవు.

చంపకుండా ఆపే ఉపాయాల్లో కొన్ని చవకవి. వేరుశనగ చుట్టూ ముళ్లున్న కుసుమను నాలుగు సాళ్లు వేస్తే పంది లోపలికి రావడానికి జంకుతుంది. గట్ల వెంబడి వెంట్రుకలు చల్లడం, పాత చీరలు కట్టడం పనిచేస్తాయి గాని, వాసనకూ కదలికకూ పందులు త్వరలోనే అలవాటు పడతాయి. గట్టి కంచె మెరుగు, ఖర్చే చిన్న రైతుకు అందదు.

హిమాచల్‌లో కోతిని చంపడానికి అనుమతి వచ్చినా, హనుమంతుడి రూపమన్న భక్తితో రైతులు దాదాపుగా ముందుకు రాలేదు. అక్కడ లక్షకు పైగా కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తెలంగాణలో నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో ఇలాంటి ఆపరేషన్లు చేసే కేంద్రం తెరిచారు. అయితే ఆపరేషన్ అయిన కోతి కూడా బతికినన్నాళ్లూ మేస్తూనే ఉంటుంది. ఈ పద్ధతి ఫలితం చేలో కనిపించాలంటే ఒక తరం కోతులు గడవాలి.