త్రాగి బండి నడపుట: పోలీసుల అధికారము, పౌరుని హక్కు

నేడు ట్రాక్టరు, ఆటో, మోటారు సైకిలు లేని పల్లె అరుదు. సంతకు పోవు రైతులును, పెండ్లికి పోవు బంధువులును, బడికి పోవు పిల్లలును ఒకే రోడ్డుపై నడచుచుందురు. త్రాగి బండి నడపువాడు తన ప్రాణముతోబాటు వీరందరి ప్రాణములను పణముగా నొడ్డుచున్నాడు. అట్టివానిని పట్టుకొను అధికారమును చట్టము పోలీసులకు ఇచ్చినది; ఆ అధికారమునకు హద్దులను కూడ చట్టమే ఏర్పరచినది. ఈ రెండింటిని గ్రామస్థులు తెలిసికొనుట అవసరము.

నేరమనగా నేమి?

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము, నడపువాని రక్తములో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములను మించి మద్యసారము ఉన్నట్లు పరీక్షలో తేలినచో అది నేరము. "నేను త్రాగినది కల్లే గదా" యను సమాధానము చెల్లదు. చట్టము చూచునది రక్తములోని మద్యసారమును గాని, పానీయము పేరును కాదు. "నాకు అలవాటే, మత్తు ఎక్కదు" అనుటయు చెల్లదు. ట్రాక్టరు కూడ మోటారు వాహనమే యని మరువరాదు.

2019లో జరిగిన సవరణ మేరకు మొదటి తప్పునకు 6 నెలల వరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో ఖైదు 2 సంవత్సరముల వరకు, జరిమానా 15,000 రూపాయలకు పెరుగును.

అనుమానమునకు ఆధారము

శ్వాస పరీక్షకై యంత్రములో ఊదుమని కోరుటకు 203వ సెక్షను అధికారమిచ్చుచున్నది. కోరు పోలీసు అధికారి యూనిఫారములో ఉండవలెను. అనుమానించుటకు సహేతుకమైన కారణమును ఉండవలెను. బండి అటునిటు తూలుట, మాట తడబడుట, నోట మద్యపు వాసన వచ్చుట అట్టి కారణములు. పాత కక్ష కారణము కాజాలదు.

ఊదుమని కోరినంత మాత్రమున అరెస్టు చేసినట్లు కాదు. మద్యసారమున్నదని యంత్రము చూపినచో వారంటు లేకుండగనే అరెస్టు చేయవచ్చును. ఊదుటకు నిరాకరించుట తప్పించుకొను మార్గము కాదు. అనుమానమునకు తగిన కారణమున్నచో నిరాకరించినవానిని సైతము అరెస్టు చేయవచ్చును. తగిన హేతువు లేని నిరాకరణము విచారణలో అతనికే ప్రతికూలమగును.

అరెస్టు పిమ్మట

స్టేషనులో మరల ఊదుటకు అవకాశమీయవలెను. అక్కడను యంత్రము మద్యసారమును చూపినచో, లేక అతడు ఊదనిచో, ప్రయోగశాల పరీక్షకై రక్తమును కోరవచ్చును. దానిని తీయవలసినవాడు రిజిస్టరైన వైద్యుడు. స్త్రీ రక్తమును పురుష వైద్యుడు తీయునపుడు మరియొక స్త్రీ దగ్గర ఉండవలెను. ప్రమాదములో గాయపడి ఆసుపత్రిలో చేరియున్నవానిని, చికిత్స చేయు వైద్యునికి ముందుగా తెలుపక, లేక ఆయన వలదన్నపుడు, ఊదుమని కోరరాదు.

పోలీసు అధికారి ఎదుటనే ఈ నేరము చేసి, 202వ సెక్షను క్రింద అరెస్టయినవానికి 2 గంటలలోగా వైద్య పరీక్ష జరుగవలెను. జరుగనిచో నిర్బంధమునుండి విడువవలెను.

అరెస్టుకు కారణమును తెలిసికొనుట, న్యాయవాదిని సంప్రదించుట, ప్రయాణ కాలము గాక 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచబడుట రాజ్యాంగములోని 22వ అధికరణము ఇచ్చిన హక్కులు. అరెస్టు వార్తను పోలీసులు అతని బంధువునకో మిత్రునకో తెలుపవలెను. ఈ నేరము జామీను పొందదగినది. కావున జామీను కోరుట అతని హక్కు.

గ్రామ పెద్దలకు మనవి

అధికారి హద్దు మీరినచో ప్రశ్నించుటకు ఈ హక్కులు ఉపకరించును గాని, త్రాగి నడపుటకు ఇవి అనుమతి పత్రములు కావు. కేసు కోర్టులో తేలవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు. పెండ్లికి ట్రాక్టరు మాటలాడునపుడే, త్రాగని డ్రైవరెవరో కూడ నిర్ణయించుకొనుడు. త్రాగినవాడు తాళము చెవి అడిగినచో ఈయకుడు. ఆ రాత్రికి అతడు నిష్ఠూరమాడినను, మరునాడు అతని ఇల్లాలు మీకు నమస్కరించును.