పడవల రేవు - పంచాయతి బాధ్యత

సిరిసిల్ల ప్రాంతమున కొన్ని యేండ్ల క్రిందటి వరకు పడవ యనగా చెరువులో చేపలు పట్టువారి తెప్పయే. మానేరు వానకాలమున పొంగి, వేసవిలో ఇసుకమేటగా మిగులు ఏరు. దానిపై పడవ ప్రయాణమును ఎవరును తలచియుండలేదు. నేడు బోయినపల్లి మండలము మానువాడ వద్ద నిర్మించిన మధ్య మానేరు ఆనకట్ట వెనుక, శ్రీ రాజరాజేశ్వర జలాశయమను పేర, 25 టి.ఎం.సి.లకు మించిన నీరు నిలువగలదు. మానేరు నీటికి తోడు శ్రీరాంసాగరు నుండి వరద కాలువ కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల మీదుగా తెచ్చు నీరును, ఎల్లంపల్లి వైపు నుండి ఎత్తిపోయు గోదావరి నీరును ఇచ్చటికి చేరవచ్చును.

ఈ నీటి క్రింద చీర్లవంచ, చింతలఠాణా, రుద్రవరం, కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మున్నగు గ్రామములు మునిగినవి. వరదవెల్లిలో గుట్టమీద వెలసిన దత్తాత్రేయస్వామి ఆలయము చుట్టును నీరు చేరి అది దీవి వలె నైనది. మార్గశిర పౌర్ణమినాడు దత్తజయంతికి వచ్చు భక్తులు ఒకప్పుడు కాలినడకన ఎక్కిన గుట్టకు పడవపై పోవలసినవారైరి. వేములవాడ యాత్రికులును, సెలవు దినములలో పిల్లలతో నీటిని చూడవచ్చువారును ఒడ్డునకు చేరుచున్నారు. చేపలు పట్టువారి పడవలును అక్కడనే కలవు. ఇన్ని పడవలు, ఇందరు జనులు ఒకచోట చేరినప్పుడు దానిని రేవు అందుము. ఎవరును నడుపకున్నను అది రేవే. కాని నడుపువారు లేని రేవు ప్రమాదమునకు తావగును.

ధర్మపురిలో గోదావరి ఒడ్డున తరతరములుగా పడవ నడిపినవారు కలరు. ఏ నెలలో ఏ గుండము లోతైనది, ఏ గాలికి పడవ విప్పరాదు అను విషయములు వారికి తండ్రితాతల నుండి వచ్చినవి. 2015 పుష్కరములలో ఆ ఘట్టములకు వచ్చిన జనసందోహమును చూచినవారికి రేవు నిర్వహణ ఎంతటి పనియో తెలియును; మరల 2027లో అట్టి సందర్భము రానున్నది. మానేరు ఒడ్డు పల్లెలకు అట్టి వారసత్వము లేదు. నిన్నటివరకు వరి పండించిన చేతులు నేడు తెడ్డు పట్టినవి. కనుక నది ఒడ్డువారికి అలవాటుగా తెలిసినదానిని ఇచ్చటివారు కట్టుబాటుగా ఏర్పరచుకొనవలసియున్నది.

మొదట అధికారమెవరిదో తెలిసికొనవలెను. నీరును, కట్టయు, ముంపు భూమియు నీటిపారుదల శాఖవి. చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘములది. విహారపు పడవల వ్యవహారము పర్యాటక శాఖకు సంబంధించినది. పంచాయతికి నీటిమీద హక్కు లేదు. అయినను నీటిలో ఎవరైన పడినప్పుడు మొదటి కబురు వచ్చునది సర్పంచి యింటికే. కాబట్టి ఆయా శాఖలనుండి వ్రాతపూర్వకమైన అనుమతిని పొంది, గ్రామసభలో తీర్మానించి, మత్స్యకారుల సంఘమును భాగస్వామిని చేసికొనిన పిదపనే పంచాయతి రేవు పనికి పూనుకొనవలెను. సంఘమును విడిచి చేసిన ఏర్పాటు నెల తిరుగకమునుపే తగవుగా మారును. దేశములోని జలమార్గముల నౌకలకై 2021లో చేయబడిన చట్టము యంత్రముగల పడవలకు తనిఖీని, నమోదును, బీమాను విధించినది. యంత్రము లేని నాటు పడవలను స్థానిక సంస్థల వద్ద నమోదు చేయుటకును అందు చోటు కల్పింపబడినది. తమ జిల్లాలో ఆ పని ఎవరికి అప్పగింపబడినదో కలెక్టరు కార్యాలయమున విచారించి తెలిసికొనుట మంచిది.

జలాశయపు రేవునకు, నది రేవునకు ఒక ముఖ్యమైన భేదము కలదు. జలాశయమున నీరు ఒకచోట నిలువదు. వానకాలపు చివర నిండుగా నుండి, యాసంగి పంటకు నీరు విడిచిన కొలది దిగిపోవును. ఒడ్డు చదునైన పొలముల నేల యైనచో ఈ దిగుడు మిక్కిలి దూరము పోవును. ఇరువది అడుగుల దూరమునకు ఒక అడుగు చొప్పున వాలిన నేలపై నీటిమట్టము ఒక మీటరు దిగిన నీటి అంచు 20 మీటర్లు వెనుకకు జరుగును. అయిదు మీటర్లు దిగిన 100 మీటర్లు. లక్షలు వెచ్చించి సిమెంటు మెట్లు కట్టినచో సంక్రాంతికి అవి ఎండలో నిలిచి యుండును. జనులు మోకాలిలోతు బురదలో నడచి పడవ ఎక్కుచుందురు. కావున సాధ్యమైనంతవరకు నిలువు వాలుగల ఒడ్డును ఎంచుకొనవలెను. నీటితో పాటు లేచి దిగు తేలు వేదికను అమర్చవలెను. గట్టి ప్లాస్టిక్ పీపాలపై చట్రము బిగించి, పైన పలకలు పరచిన వేదిక చిన్న రేవునకు చాలును. దానిని ఒడ్డునకు కలుపు చెక్కవంతెనకు రెండు ప్రక్కల పట్టుకొనుటకు గొట్టములుండవలెను. చీర కట్టిన ముదుసలి ఒకచేత పూజసామగ్రి పట్టుకొని దానిపై నడువగలదా యని ఒకసారి నడిపించి చూచిన, ఇంజనీరు కొలతకంటె ఎక్కువ తెలియును.

ఇక పడవలను కట్టు విధము. కట్టకు గాని, దాని రాతి తాపడమునకు గాని గుంజ పాతరాదు; ఇది అన్నిటికన్న ముఖ్యము. 2016 సెప్టెంబరులో నిర్మాణదశలోనే ఈ జలాశయపు మట్టికట్టకు వరదనీటివలన గండిపడిన సంగతి ఈ ప్రాంతమువారు మరచియుండరు. పాతిన ప్రతి గుంజయు నీటికి దారి చూపును. ఒడ్డున వేరుగా గట్టినేలను చూచి గుంజలు పాతవలెను, లేదా నీటి అడుగున బరువు వేసి దానికి మోకు కట్టవలెను.

బరువును గురించి ఒక పొరపాటు తరచుగా జరుగుచుండును. నూరు కిలోల కాంక్రీటు దిమ్మ నీటిలో మునిగిన పిదప సుమారు 58 కిలోల బరువే తూగును. తాను తొలగించిన నీటి బరువు అందులో తగ్గిపోవును. అదే ఇనుమైనచో 87 కిలోలు నిలుచును. ఒడ్డున ఇద్దరు కదల్పలేని దిమ్మను నీటిలో గాలికి ఊగు పడవ ఈడ్చుకొనిపోవుట ఇందువలననే. మోకు పొడవు కూడ ముఖ్యమే. నీరు లోతైనంత పొడవే కట్టినచో, నీరు పెరిగినప్పుడు పడవ ముక్కు క్రిందికి లాగబడి లోనికి నీరు వచ్చును. లోతునకు మూడు రెట్లైనను ఉండవలెను. నాలుగు మీటర్ల లోతునకు 12 మీటర్లు. అప్పుడు ఆరు మీటర్ల పడవ గాలి తిరిగిన కొలది దిమ్మ చుట్టును సుమారు 18 మీటర్ల వరకు తిరుగును. ప్రక్క పడవయు అట్లే తిరుగును గనుక రెండు దిమ్మల నడుమ 36 మీటర్లు ఉంచవలెను. అంత చోటు లేనప్పుడు పడవకు ముందు వెనుకల రెండు మోకులు కట్టి తిరుగకుండ చేయవచ్చును. మన గీతకార్మికులు తమ మోకును ఎట్లు ప్రతిదినము తడిమి చూచుకొందురో, రేవు మోకులను అట్లు చూడవలెను. నైలాను మోకు ఎండకు లోపల చచ్చిపోవుట పైకి కనిపింపదు.

స్కాట్లండు పడమటి తీరమున చిన్న పల్లెల ప్రజాసంఘములు కొన్ని తమ రేవులను తామే నడుపుకొనుచున్నవి. వెలుపలి నుండి వచ్చు పడవలకై అచ్చట ప్రత్యేకముగా తేలు బోయాలను ఉంచి, ఒక్కొక్కదానిపై అది ఎంత బరువు పడవను ఆపగలదో వ్రాయుదురు. రాత్రికి ఇంత యని రుసుము తీసికొందురు. మనకు అంత హంగు అవసరములేదు. కాని వచ్చిన పడవకు వేరు చోటు, ఊరి చేపల పడవకు వేరు చోటు అను నియమము మనకును పనికివచ్చును. విహారపు పడవల యంత్రపు రెక్కలకు వలలు తగులుకొని తెగినచో మత్స్యకారునికి వారముల కూలి పోయినట్లే. పసుపు పూసిన బోయాలవరకు వలలవారిది, ఎర్ర బోయాలవరకు విహారమువారిది యని గీత గీచిన తగవుండదు.

ఈ జలాశయమున మరియొక అపాయము కలదు. అడుగున ఊళ్ళున్నవి. నీరు దిగిన కొలది మొండిగోడలు, చెట్ల మోడులు, బోరు గొట్టములు పైకి వచ్చును. పూర్తిగా పైకి రాకమునుపు, చేతెడు లోతున దాగియున్న దినములలోనే పడవ అడుగును చీల్చును. వీని చోటు నేటి పడవవానికి తెలియదు. ఆ ఊళ్ళలో పుట్టి పెరిగినవారికి తెలియును. పెద్దలను ఒకదినము పడవపై తీసికొనిపోయి, ఇది బొడ్రాయి, ఇది ఊరబావి, ఇది పెద్ద చింత అని చెప్పించుకొని జెండా గుర్తులు నాటుట పంచాయతి చేయదగిన మంచి పని. జెండాల గుడ్డకు సిరిసిల్లలో కొదవ లేదు గదా!

రేవునందు అన్నిటికన్న విలువైనది మెట్లు గాదు, పడవయు గాదు. అచ్చట నిలుచుండి, ఎక్కువారిని లెక్కించి, చాలునన్నప్పుడు ఆపగల మనుష్యుడు. 2017 నవంబరు 12న కృష్ణానదిపై ఇబ్రహీంపట్నము వద్ద పవిత్ర సంగమమున అనుమతి లేని పడవ పరిమితికి మించిన జనముతో పోయి బోల్తాపడగా ఇరువదిమందికి పైగా మరణించిరి. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి జలాశయమున విహారపు పడవ ఒరిగి 45 మంది చనిపోయిరి. రెండవది ప్రభుత్వ పర్యాటక సంస్థ పడవయే. జనము ఒక ప్రక్కకు చేరుటతో తలక్రిందులైనది. దీవి గుడి కనబడగానే అందరును లేచి ఒకవైపునకు వచ్చి నమస్కరించుట మన భక్తులకు సహజము. కూర్చుండియే దండము పెట్టుడని ముందుగా చెప్పవలెను. చెప్పువాడు రేవుననే ఉండవలెను.

ఈ రేవుకాపరి వద్ద ఒక రిజిస్టరు ఉండవలెను. పడవ సంఖ్య, నడుపువాని పేరు, ఎక్కినవారి లెక్క, పోయిన వేళ, వచ్చిన వేళ. ఈ అయిదు గడులు చాలును. చంకబిడ్డనుకూడ ఒక తలగా లెక్కింపవలెను. తిరిగివచ్చినప్పుడు లెక్క సరిపోవువరకు ఆ వరుసపై అడ్డగీత కొట్టరాదు. వేసవి సాయంత్రములలో ఉరుములతో వచ్చు గాలిదుమారము క్షణములలో లేచును. అలలపై తెల్లని నురుగు కనబడిన క్షణమే పడవలను ఆపవలెను. ప్రొద్దుగుంకిన తరువాత విప్పనే రాదు. గేట్లకును, తూములకును, ఎత్తిపోతల కాలువ ముఖమునకును దరికి పోరాదు.

లైఫ్ జాకెట్లను గురించి ఒక మాట. నేను చూచిన ఒక రేవున అవి క్రొత్తవిగా, ప్లాస్టిక్ సంచులు విప్పకుండ, ఒక గదిలో పేర్చియుండెను. గదికి తాళము. తాళపుచెవి గలవాడు పెండ్లికి పోయియుండెను. పడవలు మాత్రము తిరుగుచుండెను. జాకెట్లు వేదిక ప్రక్కనే కొక్కెములపై వ్రేలాడవలెను. పిల్లలకు చిన్నవి వేరుగా ఉండవలెను. సాయంత్రము వానిని నీడలో ఆరవేయవలెను. మోకు కట్టిన రబ్బరు ట్యూబు ఒకటి, పొడవైన వెదురుగడ ఒకటి ఎల్లప్పుడును చేతికందవలెను. ఈతరాని వాడు మునుగువానికై దుముకుటచే ఒకరి చోట ఇద్దరు పోవుట మనమెరిగినదే.

ఈ కాపరికి జీతమెక్కడినుండి వచ్చును? ఉదాహరణకు నెలకు 12,000 రూపాయలు అనుకొందము. తలకు 10 రూపాయల రేవు రుసుము పెట్టినచో దినమునకు 40 మంది రావలెను. పండుగ నెలలలో అంతకు మించి వత్తురు, వేసవిలో రారు. కనుక నిండు నెలల ఆదాయమును వేరు పద్దులో ఉంచి, ఎండు నెలలకు వాడవలెను. రేవును వేలము వేసి ఎక్కువ పాడినవానికి అప్పగించు పద్ధతి తేలికైనది. కాని పాటదారుడు తన పాట రాబట్టుకొనుటకు నిండిన పడవలోనే ఇంకను పదిమందిని ఎక్కించును. రాబడి కొంత తగ్గినను పంచాయతియే నడుపుట నా అభిప్రాయమున మేలు. రుసుము పలకపై వ్రాసి, రశీదు ఇచ్చి, నెలకొకసారి లెక్కను గ్రామసభలో చదువవలెను.

ఈ రుసుము ముంపు గ్రామములవారి నుండి తీసికొనరాదు. నీరు దిగిన నెలలలో పునరావాస కాలనీలనుండి వచ్చి, తమ యింటి గోడ కనబడునేమోనని చూచి పోవువారు కలరు. ఇల్లు, పొలము ఇచ్చినవానిని తన ఊరు చూచుటకు పైకమడుగుట ఏ తీర్మానముచేతను న్యాయము కానేరదు. ఆ గ్రామముల పేర్లను రేవు పలకపై వ్రాసి వారికి ఉచితమని తెలుపవలెను.

తక్కిన సౌకర్యములు తెలిసినవే. నీడ, మంచినీరు, దీపము, స్త్రీలకు బట్టలు మార్చుకొను గది, మరుగుదొడ్లు. మరుగుదొడ్డి గుంతను నిండు మట్టపు గీతకు కనీసము 30 మీటర్లు ఎగువను ఉంచవలెను. నేడు నీరు దూరముగ నున్నదని దిగువన కట్టినచో ఆశ్వయుజమున అది నీటిలో నుండును. ఈ నీరే త్రాగునీటి పథకములకు పోవుచున్నది. డీజిలు నింపుట నీటిపై కాక ఒడ్డున జరుగవలెను. సద్దుల బతుకమ్మనాడును, వినాయక నిమజ్జనమునాడును విహారపు పడవలను మధ్యాహ్నమునకే ఆపి, స్త్రీలు దిగు చోటును త్రాళ్ళతో వేరుచేసి, ముందటి దినమే ఊర డప్పుచాటింపు వేయించవలెను.

సాయంకాలము కాపరి చేయవలసిన చివరి పని పడవల తెడ్లను గదిలో పెట్టి, పడవలకు గొలుసు తాళము వేయుట. పిల్లలు రాత్రివేళ విప్పుకొనిపోవునవి తాళము లేని పడవలే. తాళపుచెవులు రెండు; ఒకటి కాపరివద్ద, రెండవది పంచాయతి కార్యాలయమున గోడమీది మేకుకు.